లినక్స్‌లో ఫోటోల బొమ్మలు కనబడకపోతే ఎక్కడ వెతకాలి

ఆల్బమ్‌కి ఫోటోలు ఎంచుకోవడానికి టెక్కలి నుంచి పెళ్లికూతురి తండ్రి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. పక్కన ఆయన తోడల్లుడు, ఒళ్లో మనవడు. ఫోల్డర్ తెరిచాను. 1,400 ఫైళ్లు, అన్నిటికీ ఒకటే బూడిదరంగు ఐకాన్. కింద పేర్లు మాత్రం డీఎస్సీ 0412, డీఎస్సీ 0413 అంటూ వరసగా ఉన్నాయి.

"ఏటి బాబూ, అన్నీ ఒకేలగున్నాయి? మా అమ్మాయేదీ?" అన్నారాయన.

రెండ్రోజుల ముందే ఆ కంప్యూటర్లో లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడే లినక్స్‌లో ఒక రకం) కొత్తగా వేశాను. డబుల్ క్లిక్ చేస్తే ఏ ఫోటో అయినా చక్కగా తెరుచుకుంటోంది. తెరవకముందే ఐకాన్ స్థానంలో కనబడాల్సిన చిన్న బొమ్మ, అంటే థంబ్‌నెయిల్, రాక ఏది ఏదో తెలియడం లేదు, అంతే. ఒక్కొక్కటీ తెరిచి చూపిస్తూ కూర్చుంటే ఆయన ఆఖరి బస్సు పోయినట్టే. టెన్షన్‌లో నేను చేయకూడనివన్నీ చేశాను. క్యాష్ (తయారైన బొమ్మలు దాచి ఉంచే ఫోల్డర్) మొత్తం చెరిపేశాను, కోడెక్‌లు (ఫోటో, వీడియో రకాలను చదివే ప్రోగ్రామ్‌లు) మళ్లీ వేశాను, కంప్యూటర్ రెండుసార్లు ఆపి ఆన్ చేశాను. గంట తర్వాత తేలిందేమిటంటే, ఒక్కో ఫోటో 12 ఎంబీ, ఫోల్డర్లు తెరిచి చూపించే ఫైల్ మేనేజర్ సెట్టింగులో బొమ్మ గీయడానికి హద్దు 10 ఎంబీ. ఒక్క డ్రాప్‌డౌన్ మార్చగానే పెళ్లంతా తెరమీదికి వచ్చింది.

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఫోటో స్టూడియో, దాన్లోనే డీటీపీ, జిరాక్స్ పెట్టుకుని బతుకుతున్నవాణ్ణి. పాత కంప్యూటర్లు నాలుగున్నాయి, నాలుగింట్లోనూ లినక్సే. ఆ పెళ్లి తర్వాత ఈ బొమ్మల గొడవ ఎన్ని రకాలుగా వస్తుందో అన్ని రకాలుగానూ చూశాను. నాకు బోధపడిన వరస ఇది. ఈ వరసలోనే వెళ్లండి. చాలామంది చివర చేయాల్సిన పని మొదట చేసి, ఉన్న ఆధారాలు కూడా చెరిపేసుకుంటారు.

కమాండ్ల గురించి ఒక మాట

కమాండ్లు, ప్యాకేజీల (ఇన్‌స్టాల్ చేసుకునే ప్రోగ్రామ్‌ల) పేర్లు అన్నీ పలికినట్టు తెలుగులోనే రాస్తున్నాను. గుణుపూర్ నుంచో కాశీనగర్ నుంచో ఎవరైనా ఫోన్ చేస్తే నేను చెప్పేది ఇలాగే. పలికే భాషే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఆ మాత్రం చొరవ ఉంటుంది. టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లిషు చిన్న అక్షరాలే వాడాలి. స్పెల్లింగ్ అనుమానమైతే మొదటి నాలుగక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగతాది టెర్మినలే (కమాండ్లు టైపు చేసే కిటికీ) పూర్తి చేస్తుంది. ప్యాకేజీల కోసమైతే వాటిని వెతికి వేసుకునే సినాప్టిక్ తెరిచి 'థంబ్‌నెయిలర్' అని వెతకండి. కావలసినవాటిలో చాలామటుకు ఒకే జాబితాలో కనబడతాయి.

బొమ్మ ఎలా తయారవుతుంది

ఫోల్డర్ తెరవగానే ఫైల్ మేనేజర్ కొన్ని పనులు వరసగా చేస్తుంది. ఈ ఫైల్‌కి బొమ్మ చూపించాలా వద్దా అని ముందు సెట్టింగులు చూస్తుంది. చూపించాలంటే, ఇంతకుముందు తయారైన బొమ్మ క్యాష్‌లో ఉందా అని వెతుకుతుంది. లేకపోతే ఫైల్ ఏ రకమో తేల్చుకుని, ఆ రకానికి బొమ్మ గీసే చిన్న ప్రోగ్రామ్‌ని పిలుస్తుంది. దాన్నే థంబ్‌నెయిలర్ అంటారు. అది గీసినదాన్ని క్యాష్‌లో దాచి, తెరమీద పెడుతుంది. గీయలేకపోతే 'ఇది నా వల్ల కాలేదు' అని ఒక చీటీ రాసి దాన్నీ దాస్తుంది. ఈ చీటీయే సగం మందిని ఏడిపించేది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఫోటో తెరుచుకోవడం వేరు, బొమ్మ రావడం వేరు అన్నది ఇక్కడే అర్థం కావాలి. ఫోటో తెరిచే ప్రోగ్రామ్ ఒకటి, బొమ్మ గీసేది ఇంకొకటి. మొదటిది బాగున్నంత మాత్రాన రెండోది బాగున్నట్టు కాదు.

మొదటి మెట్టు: ఏవి రావడం లేదో చూడండి

ఏదీ ముట్టుకోకముందు రెండు నిమిషాలు ఊరికే చూడండి. ఏ ఫోల్డర్లోనూ ఏ బొమ్మా రావడం లేదంటే సెట్టింగో, క్యాష్ ఫోల్డర్ అనుమతులో, డిస్క్ నిండిపోవడమో అయ్యుంటుంది. ఒక రకం ఫైళ్లకే రావడం లేదంటే, అంటే జేపీజీలు వస్తూ హెచ్ఈఐసీలు (ఐఫోన్ ఫోటోల రకం) రాకపోతే, థంబ్‌నెయిలర్ లేనట్టు. చిన్న ఫైళ్లకు వచ్చి పెద్దవాటికి రాకపోతే సైజు హద్దు. కంప్యూటర్లో వచ్చి కేబుల్‌తో పెట్టిన ఫోన్లో రాకపోతే 'లోకల్ ఫైళ్లకే' అన్న సెట్టింగ్. ఒకే ఫోల్డర్లో నాలుగైదు ఫైళ్లకే రాకపోతే ఆ ఫైళ్లలోనే ఏదో ఉంది.

అనుమానం తీరకపోతే ఇంకో పరీక్ష ఉంది. మంచి జేపీజీ ఒకటి, చిన్నది, డెస్క్‌టాప్ మీదికి కొత్త పేరుతో కాపీ చేయండి. దానికి బొమ్మ వస్తే యంత్రాంగం అంతా పనిచేస్తున్నట్టే.

రెండో మెట్టు: సెట్టింగులు

మింట్‌లో మామూలుగా ఉండే ఫైల్ మేనేజర్ నీమో. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, దాన్లో ప్రివ్యూ. 'షో థంబ్‌నెయిల్స్' దగ్గర మూడు మాటలుంటాయి: ఎస్, లోకల్ ఫైల్స్ ఓన్లీ, నో. దాని కిందే సైజు హద్దు. కెమెరా జేపీజీలకు 100 ఎంబీ పెట్టండి. వీడియోలు కూడా ఉంటే నేనైతే 4 జీబీ పెడతాను. నీమోలో ఇంకో మెలిక ఉంది. ఒక్కో ఫోల్డర్‌కి విడిగా బొమ్మలు ఆపే బటన్‌ని టూల్‌బార్లో పెట్టుకోవచ్చు. పిల్లలెవరైనా మౌస్ ఆడించి అది నొక్కితే ఆ ఒక్క ఫోల్డర్లోనే బొమ్మలు మాయమవుతాయి.

ఉబుంటు, ఫెడోరాల్లో నాటిలస్, అంటే 'ఫైల్స్'. దాని ప్రిఫరెన్సెస్‌లోనూ ఇలాంటి ఎంపికే ఉంటుంది. సైజు హద్దు కొత్త వెర్షన్లలో కిటికీలో కనబడదు. లోపలి సెట్టింగులు చూపించే డీకాన్ఫ్ ఎడిటర్ వేసుకుని ఆర్గ్, గ్నోమ్, నాటిలస్, ప్రిఫరెన్సెస్ వరసలో దిగితే 'థంబ్‌నెయిల్ లిమిట్' అనే అంకె దొరుకుతుంది. అది ఎంబీల్లో.

కేడీఈ డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఫైల్ మేనేజర్ డాల్ఫిన్. ముందు ఎఫ్12 నొక్కి చూడండి. ప్రివ్యూలను ఆన్, ఆఫ్ చేసే మీట అదే. తెలియకుండా నొక్కేసి గంటలు వెతికినవాళ్లున్నారు. తర్వాత కాన్ఫిగర్ డాల్ఫిన్‌లో ప్రివ్యూస్ పేజీకి వెళ్తే రకానికో టిక్ పెట్టె ఉంటుంది. టిక్ లేని రకానికి బొమ్మ రాదు. వీడియో పెట్టె అసలు జాబితాలోనే లేకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌థంబ్స్ అనే ప్యాకేజీ వేయాలి. పీడీఎఫ్ పెట్టె లేకపోతే కేడీఈగ్రాఫిక్స్ థంబ్‌నెయిలర్స్. నెట్‌వర్క్ ఫైళ్లకు సైజు హద్దు అదే పేజీలో విడిగా ఉంటుంది.

పాత, బలం తక్కువ కంప్యూటర్లలో వాడే పీసీమ్యాన్‌ఎఫ్ఎం అనే ఫైల్ మేనేజర్ దగ్గర ఎక్కువమంది బోల్తా పడతారు. దాంట్లో హద్దు మొదట్నుంచీ 2048 కేబీ, అంటే 2 ఎంబీ. వాట్సాప్ ఫోటోలకు బొమ్మలొస్తాయి, కెమెరా ఫోటోలకు రావు. చూసినవాళ్లు కెమెరాని తిడతారు. ఎడిట్, ప్రిఫరెన్సెస్, డిస్‌ప్లేలోకి వెళ్లి ఆ అంకె పక్కన ఒక సున్నా చేర్చండి.

ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లోని ఫైల్ మేనేజర్ థూనార్ తనంతట తాను బొమ్మలు గీయదు. టంబ్లర్ అనే సేవకుణ్ణి పిలుస్తుంది. టంబ్లర్ ప్యాకేజీ లేకపోతే థూనార్ సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు. ఉన్నా ఒక్కోసారి ఏదో పాడైన వీడియో దగ్గర ఇరుక్కుపోతుంది. టెర్మినల్‌లో 'కిల్ఆల్ టంబ్లర్‌డి' కొట్టండి, చివర డి మర్చిపోవద్దు. అవసరమైనప్పుడు మళ్లీ దానంతట అదే లేస్తుంది. పెన్‌డ్రైవ్ తీయబోతే 'డివైస్ బిజీ' అని మొరాయించినప్పుడు కూడా చాలాసార్లు కారణం ఇదే. ఏ రకానికి ఎంత సైజు దాకా గీయాలో టంబ్లర్‌కి విడిగా ఒక ఫైల్ ఉంది. ఈటీసీ ఫోల్డర్లో ఎక్స్‌డీజీ, దాన్లో టంబ్లర్, దాన్లో టంబ్లర్ డాట్ ఆర్‌సీ. దాన్ని అక్కడే మార్చకండి. హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్ కింద టంబ్లర్ అనే ఫోల్డర్ చేసి, అక్కడికి కాపీ చేసుకుని మార్చండి. 'మ్యాక్స్‌ఫైల్‌సైజ్' అంకె బైట్లలో ఉంటుంది, 'డిసేబుల్డ్' పక్కన ట్రూ అని ఉంటే ఆ రకం ఆపేసినట్టు.

మూడో మెట్టు: ఫైల్ చెప్పేది నిజమేనా

నాలుగైదు ఫైళ్లకే రానప్పుడు చూడాల్సింది ఇది. మొన్న ఒకబ్బాయి ఫ్లెక్సీ కోసం దేవుడి బొమ్మలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. అన్నీ డాట్ జేపీజీలే. ఆరింట్లో రెండింటికి బొమ్మ లేదు. తెరిస్తే ఎర్రర్: జేపీజీ ఫైల్ కాదు, 0ఎక్స్52 0ఎక్స్49తో మొదలవుతోంది అని.

ఆ ఎర్రర్ చదవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. 52, 49 అనేవి ఫైల్‌లోని మొదటి రెండు బైట్లు. అక్షరాల్లోకి మారిస్తే ఆర్, ఐ. అంటే రిఫ్ అన్న మాటకు మొదలు. వెబ్‌పీ ఫైళ్లు అలా మొదలవుతాయి. ఇంటర్నెట్లో వెబ్‌పీగా దొరికిన బొమ్మ పేరు చివర ఎవరో జేపీజీ అని తగిలించారన్నమాట. 89, 50తో మొదలైతే అది పీఎన్‌జీ. అసలు జేపీజీ అయితే మొదటి రెండు బైట్లు ఎఫ్ఎఫ్, డీ8.

ఎర్రర్ కోసం చూడక్కర్లేకుండా టెర్మినల్‌లో 'ఫైల్' అని కొట్టి, ఖాళీ వదిలి, ఫోటోని ఫోల్డర్లోంచి లాగి టెర్మినల్‌లో పడేయండి. పూర్తి చిరునామా దానంతట అదే వస్తుంది. ఎంటర్ కొడితే లోపల నిజంగా ఏముందో చెబుతుంది. వెబ్‌పీ అని వస్తే పేరు చివర సరిచేయండి, చాలు.

సైజు సున్నా ఉన్న ఫైళ్లు ఇంకో రకం. కాపీ అవుతుండగానే పెన్‌డ్రైవ్ లాగేస్తే ఇవి పుడతాయి. పేరుంటుంది, లోపల ఏమీ ఉండదు. సగం కాపీ అయినవాటికి బొమ్మ వచ్చినా కింది సగం బూడిదరంగులో ఉంటుంది. వీటికి కంప్యూటర్లో మందు లేదు, కార్డు నుంచి మళ్లీ కాపీ చేసుకోవడమే. "కెమెరాలో బాగానే కనబడింది కదా" అంటారు. కెమెరా చిన్న తెర చాలావరకు ఫైల్ లోపల విడిగా దాచిన చిన్న బొమ్మనే చూపిస్తుంది. అది కనబడినంత మాత్రాన అసలు ఫోటో బాగున్నట్టు కాదు.

మా దగ్గర ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఫైల్ పేరు తెలుగులోనో ఒడియాలోనో పెడితే బొమ్మలు రావా? వస్తాయి. నా ఫోల్డర్లలో సగం పేర్లు తెలుగు, పావు వంతు ఒడియా, దాంతో ఏనాడూ ఇబ్బంది రాలేదు. ఒక్క హద్దు మాత్రం ఉంది. ఫైల్ పేరు 255 బైట్లు మించకూడదు. తెలుగు, ఒడియా లిపుల్లో ఒక్కో గుర్తుకు 3 బైట్లు పడతాయి. గుణింతం, ఒత్తు కూడా విడి గుర్తులే. అంటే 85 గుర్తులకే పేరు నిండిపోతుంది. పెళ్లికొడుకు ఇంటిపేరు, ఊరు, ముహూర్తంతో సహా ఫైల్ పేరుగా పెట్టేవాళ్లకు ఈ సంగతి తెలిసుండాలి.

నాలుగో మెట్టు: గీసేవాడున్నాడా

యూఎస్ఆర్ ఫోల్డర్లో షేర్, దాన్లో థంబ్‌నెయిలర్స్ అని ఒక ఫోల్డర్ ఉంది. ఫైల్ మేనేజర్లో కంట్రోల్, ఎల్ నొక్కి ఆ దారి కొట్టి చూడండి. డాట్ థంబ్‌నెయిలర్‌తో ముగిసే చిన్న చిన్న ఫైళ్లుంటాయి. గ్నోమ్, మింట్, మాటే డెస్క్‌టాప్‌లు వీటినే నమ్ముకుంటాయి. ఒకటి టెక్స్ట్ ఎడిటర్లో తెరిస్తే నాలుగు వరసలే. పైన శీర్షిక, తర్వాత ఆ ప్రోగ్రామ్ ఉందో లేదో చూసుకోవడానికి ఒక పేరు, దాన్ని ఎలా నడపాలో చెప్పే వరస, ఏ రకాల ఫైళ్లకు పనికొస్తుందో చెప్పే జాబితా. మీ ఫైల్ రకం ఏ జాబితాలోనూ లేకపోతే దానికి గీసేవాడు లేడు.

ఐఫోన్ ఫోటోలతో గొడవ ఎక్కువ. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి ఐఫోన్లు ఫోటోల్ని హెచ్ఈఐసీగా దాస్తున్నాయి. ఉబుంటు, డెబియన్, మింట్‌లలో హెయిఫ్ థంబ్‌నెయిలర్, హెయిఫ్ జీడీకే పిక్స్‌బఫ్ అనే రెండు ప్యాకేజీలూ వేయండి. అయినా రాకపోతే, హెచ్ఈఐసీలు చదివే లిబ్‌హెయిఫ్‌కి డికోడర్ ప్లగిన్ లేదేమో చూడండి. సినాప్టిక్‌లో లిబ్‌హెయిఫ్ ప్లగిన్ అని వెతికితే దొరికే జాబితాలో లిబ్‌డీఈ265 అన్నది ఉండాలి. ఫెడోరాలో పేటెంట్ల భయంతో దీన్ని ఇవ్వరు. ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి ప్యాకేజీల భండారం నుంచి లిబ్‌హెయిఫ్ ఫ్రీవరల్డ్ తెచ్చుకోవాలి.

వెబ్‌పీకి వెబ్‌పీ పిక్స్‌బఫ్ లోడర్. వీడియోలకు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌థంబ్‌నెయిలర్ వేస్తే చాలు. ఇదివరకు గ్నోమ్‌తో వచ్చిన టోటెమ్ థంబ్‌నెయిలర్ కంటే నాకు ఇదే నమ్మకం, ఎందుకంటే విడిగా జీస్ట్రీమర్ కోడెక్‌లు అడగదు. పీడీఎఫ్‌లకు ఎవిన్స్ (కొత్త గ్నోమ్‌లో పేపర్స్) గానీ, మింట్‌లో అయితే ఎక్స్‌రీడర్ గానీ ఉండాలి. పీడీఎఫ్‌కి బొమ్మ వచ్చి, లోపలి ఒడియా అక్షరాల బదులు పెట్టెలు కనబడితే అది థంబ్‌నెయిలర్ తప్పు కాదు. పీడీఎఫ్ చేసినవాళ్లు ఫాంట్ లోపల పొదగలేదు. లోహిత్ ఒడియా, లోహిత్ తెలుగు ఫాంట్లు వేసి చూడండి, యూనికోడ్‌లో చేసినవైతే కొన్ని బాగుపడతాయి.

ఇక స్టూడియోవాళ్ల రా ఫైళ్లు, అంటే కెమెరా జేపీజీగా మార్చకుండా దాచే కానన్ సీఆర్2, నికాన్ ఎన్ఈఎఫ్ లాంటివి. మింట్ 21 నుంచి ఎక్స్‌యాప్ థంబ్‌నెయిలర్స్ అనే ప్యాకేజీలు వస్తున్నాయి. రా, ఈపబ్, ఎంపీ3 అట్టబొమ్మలు అన్నీ అవే చూసుకుంటాయి. మీ మింట్ అంతకంటే పాతదైతే కొత్తది వేసుకోవడమే నా సలహా. అప్పటికప్పుడు కస్టమర్‌కి చూపించాలంటే మాత్రం దగ్గరి దారి వేరే ఉంది. దాదాపు ప్రతి రా ఫైల్ కడుపులోనూ కెమెరా తయారుచేసిన జేపీజీ ఒకటి ఉంటుంది. ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో దాన్ని బయటికి లాగొచ్చు. కమాండ్ ఇలా, కామా ఉన్నచోటల్లా ఖాళీ: ఎక్సిఫ్‌టూల్, అడ్డగీత బి, అడ్డగీత జేపీజీఫ్రమ్‌రా, అడ్డగీత డబ్ల్యూ, తర్వాత అండర్‌స్కోర్ చూపు డాట్ జేపీజీ, చివర స్టార్ డాట్ ఎన్ఈఎఫ్. ఇందులో జేపీజీఫ్రమ్‌రా, ఎన్ఈఎఫ్ అన్నవి కెమెరాని బట్టి మారతాయి. కానన్ సీఆర్2 అయితే వాటి బదులు ప్రివ్యూఇమేజ్, సీఆర్2 అని కొట్టాలి. నికాన్ కార్డులు పెద్ద అక్షరాల్లో పేరు పెడతాయి కాబట్టి ఫైల్ పేరు చివర ఎలా ఉందో అలాగే కొట్టండి. ఫోటోల్ని మళ్లీ వండే పని లేదు కాబట్టి ఇది చాలా వేగంగా అయిపోతుంది.

ఐదో మెట్టు: చేత్తో నడిపి చూడండి

ప్యాకేజీలు వేశారు, అయినా బొమ్మ లేదు. ఇక్కడ ఊహలు మానేసి థంబ్‌నెయిలర్‌ని నేరుగా పిలవండి. జేపీజీలకు: జీడీకే అడ్డగీత పిక్స్‌బఫ్ అడ్డగీత థంబ్‌నెయిలర్, ఖాళీ, అడ్డగీత ఎస్, ఖాళీ, 256, ఖాళీ, ఫోటో పేరు, ఖాళీ, టెంప్ ఫోల్డర్లో ఏదో ఒక పేరుతో డాట్ పీఎన్‌జీ. వీడియోలకు: ఎఫ్ఎఫ్ఎంపెగ్‌థంబ్‌నెయిలర్, అడ్డగీత ఐ, వీడియో పేరు, అడ్డగీత ఓ, బయటికి రావాల్సిన పీఎన్‌జీ పేరు.

పీఎన్‌జీ పుట్టిందా, గీసేవాడు బాగున్నాడు, తప్పు క్యాష్‌లోనో సెట్టింగులోనో ఉంది. పుట్టకపోతే ఏదో ఒక ఎర్రర్ వరస టెర్మినల్‌లో పడుతుంది. ఆ వరసని అలాగే కాపీ చేసుకుని వెతికితే జవాబు దొరుకుతుంది. 'బొమ్మలు రావడం లేదు' అని వెతికితే దొరకదు.

చేత్తో నడిపితే వచ్చి, ఫైల్ మేనేజర్లో రాని కేసు ఒకటుంది. గ్నోమ్ తన థంబ్‌నెయిలర్లను బబుల్‌ర్యాప్ అనే పెట్టెలో పెట్టి నడుపుతుంది. కారణం ఉంది. 2017లో విండోస్ ఇన్‌స్టాలర్ ఫైళ్లకు ఐకాన్లు గీసే ఒక థంబ్‌నెయిలర్‌లో, ఫైల్ పేరులో రాసిన కోడ్ నడిచిపోయే లోపం బయటపడింది. ఫోల్డర్ తెరిస్తే చాలు, ఫైల్ ముట్టుకోనక్కర్లేదు. అప్పట్నుంచి ఈ కట్టుదిట్టం. మీరు సొంతంగా రాసుకున్న స్క్రిప్ట్ హోమ్ ఫోల్డర్లో ఉంటే పెట్టె లోపలికి అది కనబడదు, కాబట్టి యూఎస్ఆర్, లోకల్, బిన్‌లో పెట్టండి. మినిమల్ ఇన్‌స్టాల్ చేసినవాళ్లు బబుల్‌ర్యాప్ ప్యాకేజీ ఉందో లేదో కూడా చూసుకోండి.

ఆరో మెట్టు: క్యాష్, ఆ చీటీలు

హోమ్ ఫోల్డర్లో కంట్రోల్, హెచ్ నొక్కితే దాచిన ఫోల్డర్లు బయటపడతాయి. డాట్ క్యాష్, దాన్లో థంబ్‌నెయిల్స్. లోపల నార్మల్, లార్జ్, ఎక్స్ లార్జ్, డబుల్ ఎక్స్ లార్జ్ అర్థం వచ్చే పేర్లతో ఫోల్డర్లు, వాటి పక్కన ఫెయిల్. వాటిలోని బొమ్మలు వరసగా 128, 256, 512, 1024 పిక్సెళ్ల దాకా ఉంటాయి. ఏ డెస్క్‌టాప్ అయినా దాదాపు ఇదే చోటు వాడుతుంది. నీమో గీసిన బొమ్మని థూనార్ కూడా వాడుకోగలదు.

ఒక్కో బొమ్మ పేరు 32 అక్షరాల చిక్కుముడి. అది మీ ఫోటో పూర్తి చిరునామాని ఎండీ5 లెక్కలో వేస్తే వచ్చిన ఫలితం. బొమ్మ లోపల అసలు ఫోటో చిరునామా, అది చివరిసారి మారిన సమయం కూడా రాసి ఉంటాయి. ఆ సమయం ఫోటో సమయంతో కలవకపోతే బొమ్మ పాతబడినట్టు, మళ్లీ గీస్తారు. అందుకే 'పాతపట్నం పెళ్లి' అన్న ఫోల్డర్ పేరు మారిస్తే లోపలున్న వెయ్యి బొమ్మలూ మళ్లీ మొదట్నుంచి తయారవుతాయి. కంప్యూటర్ నెమ్మదించిందని కంగారు పడకండి, గీసుకోనివ్వండి.

ఇప్పుడు ఫెయిల్ సంగతి. మీ దగ్గర హెచ్ఈఐసీకి థంబ్‌నెయిలర్ లేని రోజున ఫోల్డర్ తెరిచారనుకోండి. ప్రయత్నం చేసి కుదరని ఫైళ్లకు ఫెయిల్ కింద చీటీలు పడే అవకాశం ఉంది. మర్నాడు సరైన ప్యాకేజీ వేశారు. ఫైల్ మేనేజర్ చీటీ చూసి, నిన్ననే కుదరలేదు కదా అని ప్రయత్నమే చేయదు. మీరేమో ప్యాకేజీ పనిచేయలేదనుకుని ఇంకోటి వేస్తారు. నేను ఒక రోజంతా ఇలా తిరిగాను. మందు చాలా చిన్నది. ఫెయిల్ ఫోల్డర్ ఒక్కటే చెరపండి, ఫైల్ మేనేజర్ని పూర్తిగా మూసి తెరవండి. టెర్మినల్ నుంచి మూయాలంటే నీమో లేదా నాటిలస్ పేరు పక్కన ఖాళీ, అడ్డగీత క్యు.

మొత్తం థంబ్‌నెయిల్స్ ఫోల్డర్ చెరిపినా ప్రమాదం లేదు, మీ ఫోటోలకు ఏమీ కాదు. కానీ ఉన్న మంచి బొమ్మలన్నీ పోయి, పాత కంప్యూటర్ మళ్లీ వాటన్నిటినీ గీస్తూ కూర్చుంటుంది. ఒక ఫోటోకి వేరే ఫోటో బొమ్మ చూపిస్తున్నప్పుడు మాత్రం మొత్తం చెరపడమే సుఖం.

చెరపబోతే 'పర్మిషన్ డినైడ్' అంటోందా? ఎప్పుడో ఒకసారి సూడో (అడ్మిన్ అధికారంతో నడిపే కమాండ్) పెట్టి ఫైల్ మేనేజర్ తెరిచుంటారు. అప్పుడు పుట్టిన ఫోల్డర్లు రూట్ (అడ్మిన్ ఖాతా) సొత్తు అయిపోయాయి, మీ లాగిన్‌కి అందులో రాయడానికి వీల్లేదు. నీమో అయితే తనే గమనించి పైన ఒక పట్టీలో చెబుతుంది, బటన్ నొక్కి పాస్‌వర్డ్ కొడితే బాగుచేస్తుంది. మిగతావాటిలో టెర్మినల్ పని: సూడో, సీహెచ్ఓన్, అడ్డగీత పెద్ద ఆర్, మీ యూజర్ పేరు, తర్వాత టిల్డా గుర్తు, స్లాష్, డాట్ క్యాష్, ఈ చివరి మూడూ మధ్యలో ఖాళీ లేకుండా. ఈ పని చేశాక ఇంకెప్పుడూ సూడోతో ఫైల్ మేనేజర్ తెరవకండి.

డిస్క్ నిండిపోయినా కొత్త బొమ్మలు రావు. డీఎఫ్, అడ్డగీత హెచ్ కొట్టి హోమ్ ఉన్న వరసలో 100 శాతం ఉందేమో చూడండి. పెళ్లిళ్ల సీజన్లో నాకిది ఏటా జరుగుతుంది.

ఫోన్ కేబుల్, పెన్‌డ్రైవ్

కేబుల్‌తో పెట్టిన ఆండ్రాయిడ్ ఫోన్ ఎంటీపీ పద్ధతిలో కనబడుతుంది. కంప్యూటర్ దాన్ని లోకల్ ఫోల్డర్‌గా లెక్కపెట్టదు, అందుకని 'లోకల్ ఓన్లీ' ఉంటే బొమ్మలు రావు. 'ఎస్' పెట్టినా ఒక్కో ఫోటో కేబుల్ మీదుగా వచ్చి గీయాలి, నత్తనడకే. కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉంటే ఆ సాహసం వద్దు. కావలసిన ఫోల్డర్ కంప్యూటర్లోకి కాపీ చేసి చూడండి. పెన్‌డ్రైవ్ మామూలుగా లోకల్ కిందే లెక్క. దానికి రాకపోతే మూడో మెట్టుకి వెళ్లండి.

స్పేస్ నొక్కితే పెద్దగా కనబడాలంటే

ఆల్బమ్ ఎంపికకు బొమ్మలొక్కటే చాలవు. కళ్లు మూసుకున్నారా తెరిచారా చూడాలి కదా. నాటిలస్‌కి గ్నోమ్ సుషి, నీమోకి నీమో ప్రివ్యూ వేసుకోండి. ఫోటో మీద ఉండి స్పేస్ నొక్కితే పెద్దగా కనబడుతుంది, మళ్లీ నొక్కితే పోతుంది. డాల్ఫిన్‌లో ఎఫ్11తో పక్కన సమాచార పట్టీ తెరుచుకుంటుంది. టెక్కలి పెద్దాయన రెండో విడత వచ్చినప్పుడు మౌస్ నా చేతిలోంచి తీసుకుని, స్పేస్ నొక్కుతూ మొత్తం ఆయనే చూసుకున్నారు.

కస్టమర్ల కాగితాలు

స్టూడియోలో ఆధార్ కార్డులు, భూమి పట్టాలు, కుల ధృవపత్రాలు రోజూ స్కాన్ చేస్తుంటాం. పని అయ్యాక ఫైళ్లు చెరిపేస్తాం, చెత్తబుట్ట కూడా ఖాళీ చేస్తాం. వాటి బొమ్మలు మాత్రం క్యాష్‌లో అలాగే ఉంటాయి. ఐకాన్లు పెద్దగా పెట్టుకుని చూసుంటే 1024 పిక్సెళ్ల బొమ్మ కూడా మిగిలుండొచ్చు, అందులో ఆధార్ నంబర్ కూడా చదవొచ్చు. నేను ఒకసారి ఆ ఫోల్డర్ తెరిచి చూసి కంగుతిన్నాను. ఎప్పుడో వచ్చి వెళ్లినవాళ్ల మొహాలు వరసగా ఉన్నాయి.

అందుకని కౌంటర్ మీది కంప్యూటర్లో శనివారం షట్టర్ దించేముందు థంబ్‌నెయిల్స్ ఫోల్డర్ మొత్తం చెరుపుతాను. చెత్తబుట్టలోకి కాకుండా షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కాలి. సోమవారం పొద్దున్న మొదటి ఫోల్డర్ తెరిచినప్పుడు బొమ్మలు ఒక్కొక్కటిగా, నెమ్మదిగా వస్తాయి. ఈలోగా టీ వస్తుంది.